బీటిల్స్‌ను అంత ఎత్తున నిలబెట్టడం న్యాయమేనా? తెలిసినవారు చెప్పండి

అనంతపురంలో మేము కొందరం ఆదివారం సాయంత్రాలు ఒక మిత్రుడి మేడ మీద చేరి పాశ్చాత్య సంగీతం వింటాం. ఈమధ్య 1960ల నాటి ఇంగ్లండ్ నలుగురి రాక్ బృందం బీటిల్స్ గురించిన వాదన ముదిరి, ఇద్దరు మంచి స్నేహితులు మాట్లాడుకోవడమే మానేశారు. నాకు చాలా బాధగా ఉంది.

ఒకాయనకు ఆ నలుగురూ దేవుళ్లు. వారి పాటల్లో లోపం ఎత్తిచూపితే అపచారమే. రెండో ఆయనకు అదంతా ప్రచార మహిమ. ఈ రెండో మాట అన్యాయమని నా గట్టి నమ్మకం. 1966లో, ఎక్కడికి వెళ్లినా జనం విరగబడుతున్న రోజుల్లో, కచేరీ పర్యటనలు మానేసి స్టూడియో పనికే అంకితమయ్యారు. టేపును వెనక్కి తిప్పి, వేగం మార్చి కొత్త ధ్వనులు పుట్టించారు. అది ఎంత సాహసం!

అయితే ఆ ధ్వనుల వెనుక నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఉన్నారు. తొలినాళ్లలో బీటిల్స్ చక్ బెర్రీ వంటి అమెరికా నల్లజాతి కళాకారుల పాటలు పాడారు. ఆ నలుగురిలో ఒకడైన జార్జ్ హారిసన్ సితార్ కోసం రవిశంకర్ దగ్గర శిష్యరికం చేశాడు. నలుగురినే పీఠమెక్కిస్తే వీరందరి పేర్లూ మరుగున పడవా?

నాకు కావలసిన సాయం ఇది. అదే కాలపు ఏ బృందాలను పక్కపక్కన పెట్టి వింటే బీటిల్స్ అసలు గొప్పతనం, పరిమితి రెండూ తెలుస్తాయి? బీచ్ బాయ్స్, కింక్స్ మా దగ్గర ఉన్నాయి. ఇంకా ఎవరిని వినాలి, ఏ వరుసలో వినాలి? అభిమానికి మనసు నొప్పించకుండా ఈ చర్చ నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్పండి.