ట్రైనింగ్‌కి వెలిస్ ఎలక్ట్రో: ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని సర్క్యూట్లు?

గగనవిహారి:
బ్యాటరీతో ఎగిరే రెండు సీట్ల శిక్షణ విమానం పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రోకి 2020 జూన్‌లోనే యూరప్‌లో టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ ఎగరడానికి తగినదన్న ఆమోదం) వచ్చింది. 50 నిమిషాలు ఎగురుతుందని, ఆపైన రిజర్వు ఉంటుందని కంపెనీ చెబుతోంది. పెట్రోలు విమానం సెస్నా 152 బదులు సర్క్యూట్లకి (టేకాఫ్ అయి, రన్‌వే చుట్టూ తిరిగి దిగే అభ్యాసానికి) దీన్ని పెట్టుకోవచ్చా? మన మే నెల ఎండలకి ఆగుతుందా? సీపీఎల్‌కి (కమర్షియల్ పైలట్ లైసెన్సుకి) కావాల్సిన గంటలు దీనిమీద ఎంతవరకు పూర్తి చేయొచ్చు?

టెయిల్‌విండ్:
సర్క్యూట్లకి భేషుగ్గా పనికొస్తుంది. రెండు బ్యాటరీల్లో కలిపి వాడుకోదగ్గ కరెంటు 22 యూనిట్లు అనుకోండి. 1000 అడుగులు ఎక్కడానికి నిమిషంన్నర, దాదాపు 50 కిలోవాట్లు లాగుతుంది. అంటే 1.3 యూనిట్లు. డౌన్‌విండ్ (రన్‌వేకి సమాంతరంగా వెనక్కి ఎగిరే భాగం), అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) కలిపి మరో 1.1. రిజర్వుకి 30 శాతం వదిలేస్తే ఆరు సర్క్యూట్లు వస్తాయి.

అసలు చిక్కు బరువుతో. గరిష్ఠ బరువు 600 కిలోలు, ఖాళీ విమానం 428. మిగిలిన 172 కిలోల్లోనే ఇద్దరూ సర్దుకోవాలి. సెస్నాలో అయితే పెట్రోలు తగ్గించి మనిషి బరువుకి చోటు చేస్తాం. బ్యాటరీని అలా తగ్గించలేం.

హ్యాంగర్3:
బ్యాటరీ పాతబడ్డాక ఈ లెక్క మారుతుంది. సామర్థ్యం 80 శాతానికి పడితే ఉండేవి 17.6 యూనిట్లు. రిజర్వు మాత్రం అదే 6.6 (22లో 30 శాతం) ఉంచాలి కాబట్టి కోత మొత్తం పాఠం మీదే పడుతుంది, సర్క్యూట్లు నాలుగే. షెడ్యూలు ఈ అంకెతో వేసుకోండి, కొత్త బ్యాటరీ అంకెతో కాదు.

ఎండ సంగతి: గాలి పలచబడితే పిస్టన్ ఇంజిన్ లాగా మోటారు పవర్ తగ్గదు, అది లాభం. రెక్క, ప్రొపెల్లర్ మాత్రం బలం కోల్పోతాయి. బ్యాటరీలకి లిక్విడ్ కూలింగే ఉంది, కానీ బయట 42 డిగ్రీలుంటే ఆ వేడి బయటికి పోవడం నెమ్మదిస్తుంది. వరసగా క్లైంబులు చేసి దిగగానే ఛార్జింగ్ పెడితే వేడిమీద వేడి. ఛార్జింగ్‌కి గంటకి పైగానే పడుతుంది. నీడలో హ్యాంగరు, ముందుగా చల్లార్చే వ్యవధి తప్పనిసరి.

టెయిల్‌విండ్:
సీపీఎల్ విషయానికొస్తే, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే 200 గంటల్లో 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ (ఊరి నుంచి ఊరికి దూర ప్రయాణం) ఉంది, రాత్రి ఫ్లయింగ్ కూడా ఉంది. వెలిస్‌కి ఉన్నది పగటి వీఎఫ్ఆర్ (బయటికి కంటితో చూస్తూ నడపడం) అనుమతి మాత్రమే, అంత దూరం పోనూ పోలేదు. ఈ గంటలకి పిస్టన్ విమానం ఎలాగూ ఉండాల్సిందే.

గగనవిహారి:
మరి దీనిమీద మొదలెట్టినవాళ్లు సెస్నాకి మారితే ఇబ్బందా?

హ్యాంగర్3:
స్టిక్, రడ్డర్ పని అదే. ఇంజిన్ దగ్గరే కొత్త. వెలిస్‌లో మిక్స్చర్ (పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే మీట) లేదు, మాగ్నెటో (ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చే భాగం) చెక్ లేదు, కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలి పంపే మీట) లేదు, ఉన్నది ఒక్క పవర్ లీవరే. కిందికి దిగేటప్పుడు కార్బ్ హీట్ మీటని లాగే అలవాటు వీళ్లకి ఉండదు. సెస్నాలో మొదటి సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) ముందే ఇన్‌స్ట్రక్టర్ దాన్ని విడిగా చేయించాలి.