కానార్డ్ మోడల్ వదలగానే ముక్కు ఎత్తేసి తిరగబడుతోంది. రెక్క మార్చాలా, బరువు మార్చాలా?

వైనతేయ:
నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లె. ఒక మనిషి ఎక్కే చిన్న విమానం సొంతంగా కట్టాలని ఉంది. దానికి ముందు నాలుగో వంతు సైజులో థర్మోకోల్ మోడల్ చేశాను. కానార్డ్ రకం, అంటే చిన్న రెక్క ముందు, పెద్ద రెక్క వెనక, మోటారు, ప్రొపెల్లర్ అన్నిటికన్నా వెనక. పెద్ద రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 140 సెం.మీ., వెడల్పు 25. ముందు రెక్క 70, వెడల్పు 12. రెండిటి మధ్య 60 సెం.మీ. రెండూ తిన్నగానే ఉన్నాయి, వెనక్కి వాలు లేదు. బరువు పెద్ద రెక్క వెడల్పులో నాలుగో వంతు దగ్గర నిలిచేలా బ్యాటరీ సర్దాను. మోటారు ఆపి విసిరినా సరే ముక్కు ఎత్తేసి వెనక్కి తిరగబడుతోంది.

కానార్డ్ మానేసి ఇంకో రకం రెక్క పట్టుకోమంటారా? తోక లేనివి, ముందూ వెనకా రెండు రెక్కలున్న ఫ్లయింగ్ ఫ్లీ, మెట్టు రెక్క అని చాలా చూశాను. ఇంకోటి, అసలు విమానం రెక్కలు ఫైబర్ బోట్లు చేసేవాళ్ళ చేత చేయించొచ్చా? సామాను వాళ్ళ దగ్గర చవగ్గా దొరుకుతోంది.

కొబ్బరిమట్ట:
ఇంట్లో వాళ్ళకి చెప్పే మొదలెట్టారా అండి? ఆయ్, ఊరికే అడిగాను.

కాలువగట్టు:
రెక్కలో దోషం ఏమీ లేదండి, బరువు కూర్చున్న చోటులోనే ఉంది. నాలుగో వంతు లెక్క తోక వెనకున్న మామూలు విమానాలది. మీదానికి ముందున్న రెక్క కూడా లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, ఇస్తోంది కదా.

గాలి కుదుపుకి ముక్కు కాస్త లేచిందనుకోండి, రెండు రెక్కలకీ లిఫ్ట్ పెరుగుతుంది. ఆ పెరిగినదంతా కలిపి ఏ చోట పనిచేస్తుందో దాన్ని న్యూట్రల్ పాయింట్ అంటారు. బరువు దానికి ముందుంటే ముక్కు దానంతటదే దిగుతుంది. వెనకుంటే ఇంకా ఇంకా లేస్తుంది. మీకు జరుగుతున్నది అదే.

మీ కొలతలతోనే చూద్దాం. పెద్ద రెక్క వైశాల్యం 3500 చదరపు సెం.మీ., ముందుది 840, మొత్తం 4340. ముందు రెక్క వాటా 840ని 4340తో భాగించి మధ్య దూరం 60తో గుణిస్తే 11.6 వస్తుంది. (60 అన్నది రెండు రెక్కల నాలుగో వంతు గీతల మధ్య కొలిచిందే అనుకుంటున్నాను.) అంటే న్యూట్రల్ పాయింట్ పెద్ద రెక్క నాలుగో వంతు గీతకి 11.6 సెం.మీ. ముందుంది. ఆ గీత రెక్క ముందు అంచుకి 6 సెం.మీ. పైచిలుకు వెనక ఉంటుంది కాబట్టి, న్యూట్రల్ పాయింట్ అసలు పెద్ద రెక్క మీదే లేదు. ముందు అంచు దాటి 5 సెం.మీ. ముక్కు వైపు ఉంది. బరువు దానికి 11.6 వెనక పెట్టారు, ఇక తిరగబడక ఏం చేస్తుంది!

బరువుని న్యూట్రల్ పాయింట్ కన్నా ఇంకో 4 సెం.మీ. ముందుకి జరపండి. అంటే పెద్ద రెక్క ముందు అంచు నుంచి ముక్కు వైపు 9 దగ్గర. ముందు రెక్క కిందికి తోసే గాలి వెనక రెక్క లిఫ్టుని కాస్త తినేస్తుంది, ముక్కు పొడవు కూడా న్యూట్రల్ పాయింటుని ముందుకి లాగుతుంది. అందుకని మొదటి విసురుకి 10 దగ్గర పెట్టుకుని, తర్వాత కొంచెం కొంచెంగా వెనక్కి తెచ్చుకోండి.

ముందు రెక్కని పెద్దదాని కన్నా 2, 3 డిగ్రీలు ఎక్కువ ఎత్తి బిగించారో లేదో కూడా చూడండి. కానార్డ్‌లో ముందు రెక్కే ముందుగా స్టాల్ అవ్వాలి, అంటే ముక్కు మరీ లేచినప్పుడు దాని లిఫ్టే ముందు పడిపోవాలి. అప్పుడు ముక్కు దిగి వేగం మళ్ళీ వస్తుంది. వెనకది ముందు స్టాల్ అయితే ముక్కు పైకే ఉండిపోయి విమానం కూలబడుతుంది. స్టిక్ ఎంత తోసినా లాభం ఉండదు.

వైనతేయ:
లెక్క అర్థమైంది అండి, చాలా థాంక్స్. బ్యాటరీ ముక్కు కొసకి జరిపినా బరువు 6 దగ్గరే ఆగుతోంది. సీసం పెట్టనా?

కాలువగట్టు:
సీసం ఎందుకండీ, ముక్కు 10 సెం.మీ. పొడిగించి బ్యాటరీ ఇంకా ముందుకి పెట్టండి. ఆ తర్వాత తక్కువైతే రెండు నట్లు. ముందు రెక్క మాత్రం ఉన్నచోటే ఉంచాలి, దాన్ని కదిపితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. దాళ్వా కోతలయ్యాక వరి దుబ్బుల్లో విసిరి చూసుకోండి, పొద్దున్నే. ఎండెక్కాక సముద్రపు గాలి మొదలైతే అది మోడల్ తప్పో గాలి తప్పో తేలదు.

లంకలో మేష్టారు:
మోడల్ సంగతి అయింది కాబట్టి అసలు విమానం గురించి రెండు మాటలు. మీ కొలతలు నాలుగు రెట్లు చేస్తే రెండు రెక్కలూ కలిపి 7 చదరపు మీటర్లకి కొంచెం తక్కువ. మనిషి, ఇంజన్, పెట్రోలు కలిపి 300 కిలోలు వేసుకుందాం. కానార్డ్‌లో పెద్ద రెక్క తన పూర్తి లిఫ్ట్ దాకా ఎప్పుడూ వెళ్ళకూడదు, ఇందాక చెప్పిన కారణానికే. దానికి ఫ్లాప్స్ (లిఫ్ట్ పెంచడానికి వెనక అంచున కిందికి వంచే పలకలు) పెడదామన్నా ముందు రెక్క ఆ ముక్కు బరువుని మోయలేదు. అందుకని మొత్తం లిఫ్ట్ కోఎఫిషియెంట్ (రెక్క ఎంత లిఫ్ట్ ఇవ్వగలదో చెప్పే అంకె) 1.2 వేసినా స్టాల్ వేగం, అంటే అంతకన్నా తగ్గితే రెక్క మోయలేని వేగం, గంటకి 90 కి.మీ. దగ్గర తేలుతుంది. దిగేటప్పుడు దానికి మూడో వంతు కలుపుకుని రావాలి, అంటే 115 పైన. మన చేలల్లో గట్టుకీ గట్టుకీ మధ్య ఎంత దూరమో మీకు తెలుసు. అదే 15 చదరపు మీటర్ల గుడ్డ రెక్క కింద మూడు చక్రాల బండి వేలాడే ట్రైక్ అయితే అంతే బరువుతో స్టాల్ వేగం 55 దగ్గరే ఉంటుంది.

అమెరికన్ డిజైనర్ బర్ట్ రూటన్ 1975లో వేరీఈజీ, 1979లో లాంగ్ ఈజీ అనే కానార్డ్ విమానాలు ఎగరేశాక కానార్డ్ మోజు ప్రపంచమంతా పాకింది. అవి మంచి విమానాలే, తక్కువ పెట్రోలుతో చాలా దూరం పోతాయి. కానీ వాటికి పొడవాటి తారు రన్‌వే కావాలి. చిన్న చక్రాలు, వెనక ప్రొపెల్లర్. చక్రం లేపిన ప్రతి గులకరాయీ, మట్టిబెడ్డా తిన్నగా ప్రొపెల్లర్‌కే తగులుతుంది.

వర్షం సంగతి ఇంకోటి. తొలి రోజుల్లో ఆ విమానాల ముందు రెక్కకి వాడిన జీయూ అనే ఎయిర్‌ఫాయిల్ (రెక్కని అడ్డంగా కోస్తే కనపడే ఆకారం) నున్నగా ఉన్నంతసేపే బాగా పనిచేసేది. నాలుగు చినుకులు పడినా, ముందు అంచుకి పురుగులు అంటుకున్నా లిఫ్ట్ తగ్గి ముక్కు దిగేది, పైలట్ స్టిక్ వెనక్కి లాగి పట్టుకోవాల్సొచ్చేది. క్విక్కీ అనే చిన్న విమానంలోనూ అదే గొడవ, దాని మీద వోర్టెక్స్ జనరేటర్లు (గాలిని సుడి తిప్పే చిన్న రేకులు) అంటించి నెట్టుకొచ్చారు. తర్వాత జాన్ రాంజ్ గీసిన 1145 ఎయిర్‌ఫాయిల్‌తో లాంగ్ ఈజీకి ఆ బాధ తగ్గింది. చీకటి పడే వేళ చేపల చెరువుల మీద ఎన్ని పురుగులు లేస్తాయో చూసినవాళ్ళెవరూ మన దగ్గర పాత ఎయిర్‌ఫాయిల్ పెట్టరు. కడితే రాంజ్‌దే కట్టండి.

తాళ్ళరేవు ఫైబర్:
బోట్ల సంగతి నేను చెప్తాను, మా పని అదే. మేం వాడేది పాలియెస్టర్ రెజిన్, తెంపుడు పోగుల మ్యాటు. అది థర్మోకోల్ మీద పోశారా, బ్రష్ తీసేలోపు థర్మోకోల్ కరిగి గుంట పడిపోతుంది. రెజిన్‌లో ఉన్న స్టైరీన్ దాన్ని తినేస్తుంది. థర్మోకోల్ మీదకి ఎపాక్సీయే వాడాలి. మ్యాటు కూడా పనికిరాదు, పోగులు ఎటు పడితే అటు ఉంటాయి, రెజిన్ తాగేసి బరువు. విమానం వాళ్ళు నేసిన గ్లాస్ క్లాత్ వాడతారు, రెక్క పొడవునా బలం కావాల్సిన చోట ఒకే దిక్కు పోగులున్నది.

ఎపాక్సీతో మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, తేమ. ముసురు రోజున వేస్తే గట్టిపడ్డాక పైన జిడ్డుగా, మైనం పూసినట్టు ఒక పొర తేలుతుంది. చూస్తే కనపడదు, వేలితో రాస్తే తెలుస్తుంది. దాని మీదే రెండో పొర వేస్తే పట్టదు, ఎప్పుడో ఒకనాడు అప్పడంలా లేచి వస్తుంది. బోటు అయితే నీళ్ళు కారుతాయి, ఒడ్డుకి తెచ్చుకుంటాం. ముందే ఇసుక కాగితం పట్టకండి, జిడ్డు లోపలికి పోతుంది. గోరువెచ్చని నీళ్ళూ పీచూ పెట్టి కడిగి, ఆరనిచ్చి, అప్పుడు పట్టండి. లేదా పని ఆపే ముందు పైన పీల్ ప్లై గుడ్డ (ఎపాక్సీకి అంటుకోకుండా ఊడొచ్చే గుడ్డ) వేసి, మర్నాడు ఊడబెరికితే జిడ్డు దాంతోనే పోతుంది.

ఎవరైనా పాలియెస్టర్‌తో ఏదైనా చేసేట్టయితే, రెజిన్ గట్టిపడటానికి కలిపే కోబాల్టూ కేటలిస్టూ ఒకదాన్లో ఒకటి నేరుగా కలపకండి బాబూ, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిపాకే కేటలిస్ట్.

వైనతేయ:
బాబాయ్, ఈ జిడ్డు సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మిగతా రెక్కల గురించి కూడా ఎవరైనా చెప్తారా?

లంకలో మేష్టారు:
మెట్టు రెక్క క్లైన్, ఫోగుల్‌మన్ అనే ఇద్దరిది. కాగితం విమానంతో మొదలై 1972లో పేటెంట్ దాకా వెళ్ళింది. ఫోమ్ షీటు మీద ఇంకో షీటు అంటిస్తే అయిపోయింది, మోడల్స్‌కి భేషుగ్గా ఉంటుంది. మనిషి ఎక్కే సైజుకి మాత్రం ఆ మెట్టు వెనక సుడి లాగే లాగుడే మిగులుతుంది.

ఫ్లయింగ్ ఫ్లీ జోలికి పాత ప్లాన్ పట్టుకుని వెళ్ళొద్దు. ఫ్రాన్సులో ఆంరీ మిన్యే 1933లో ఎగరేశాడు. మామూలు వాడు ఇంట్లో కట్టుకోవాలన్నది ఆయన పట్టుదల, కట్టారు కూడా. 1935, 36లలో వరసగా ప్రాణాలు పోయాయి. విండ్ టనెల్‌లో పెట్టి చూస్తే, ముక్కు ఒక హద్దు దాటి దిగితే స్టిక్ పూర్తిగా లాగినా మళ్ళీ లేవట్లేదని తేలింది. తర్వాత వచ్చిన మార్పులతో ఆ జాతి ఇప్పటికీ బతికే ఉంది, వేగం తక్కువ, చిన్న జాగా చాలు. మీకు వింత రెక్కే కావాలంటే ఆ మార్పులు చేసిన కొత్త ప్లానే నా ఓటు.

నాకు మనసుపడ్డది మాత్రం బార్నబీ వెయిన్‌ఫన్ 1993లో ఎగరేసిన ఫేసెట్‌మొబైల్. రెక్కే విమానం, పలకలు పలకలుగా ఉంటుంది. అల్యూమినియం గొట్టాలు, పైన గుడ్డ, వంపులే లేవు కాబట్టి కట్టడం తేలిక. మామూలు రెక్కలా ఉన్నట్టుండి స్టాల్ అవ్వదు. కానీ అంత పొట్టి రెక్కకి లాగుడు ఎక్కువ, ఇంజన్ ఆగితే నిటారుగా దిగిపోతుంది. 1995లో ఇంజన్ ఆగి ముళ్ళకంచెలోకి వెళ్ళింది. మన దగ్గర కంచె కాకపోతే చెరువు, చెరువు కాకపోతే కొబ్బరితోట.

కాలువగట్టు:
రూల్స్ కూడా చెప్పేస్తాను. మనిషి ఎక్కేదైతే డీజీసీఏ (విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) అనుమతి లేకుండా నేల వదలకూడదు, గీతలు గీసే దశలోనే వాళ్ళకి రాయండి. మోడల్‌కి 2021 డ్రోన్ రూల్స్ ఉన్నాయి: బరువు 25 కిలోలు దాటకూడదు, కంటికి కనపడే దూరంలోనే ఎగరాలి, గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగుల లోపు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కి.మీ. మధ్యలో అయితే 200 అడుగులే. మీకు మధురపూడి విమానాశ్రయం దూరమే అయినా డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ చూసుకోండి. గ్యాస్ బావుల దరిదాపుల్లో మాత్రం వద్దు.

వైనతేయ:
ముక్కు పొడిగించి బరువు 10 దగ్గర పెట్టానండి. పొద్దున విసిరితే తిన్నగా జారుకుంటూ పోయి దుబ్బుల్లో దిగింది. 9కి తెచ్చినా బాగానే ఉంది. రేపు మోటారు వేసి వదులుదామనుకుంటున్నా.

తాళ్ళరేవు ఫైబర్:
శుభం. ప్రొపెల్లర్ వెనకుంది, విసిరే చెయ్యి దాని ముందు నుంచే పోతుంది, జాగ్రత్త. మోటారు ఆపే విసరండి, చెయ్యి దాటాకే పక్కనున్నవాడు థ్రాటిల్ ఇవ్వాలి.

కొబ్బరిమట్ట:
ఆ పక్కనున్నవాడు నేనొస్తాను. ఎన్నింటికండి?