మూసిన పార్కు గేటు మీద తేదీ ఉండాలా? మహమ్మారి కాలంలో స్థానిక సంస్థల ప్రకటనలపై చర్చ

వాకిలి (చర్చ ప్రారంభం):

కోవిడ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న ప్రకటించిన అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి 2023 మే 5 దాకా కొనసాగింది. ఆ మూడేళ్ళ పైచిలుకు కాలంలో పార్కులు, గ్రంథాలయాలు, ఈతకొలనులు, ఆటస్థలాలు, వయోవృద్ధుల కేంద్రాల గురించి స్థానిక సంస్థలు ఇచ్చిన ప్రకటనల్లో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన వాక్యం ఒకటుంది: "తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు మూసివేయడమైనది." ఎందుకు మూశారో, ఏం మారితే తెరుస్తారో, ఆ సంగతి మళ్ళీ ఎప్పుడు ఆలోచిస్తారో అందులో ఉండదు. మూసివేత ప్రకటనలో కారణమూ, సమీక్ష తేదీ కూడా తప్పనిసరిగా ఉండాలా, లేక అత్యవసర సమయంలో ఆ ఒక్క వాక్యమే చాలా అన్నదే ఇక్కడ చర్చకు పెడుతున్న ప్రశ్న.

ఉండి తీరాలన్నది నా అభిప్రాయం. నేను అడుగుతున్నది తెరిచే తేదీని కాదు, సమీక్షించే తేదీని. ఈ రెండింటినీ కలిపేసి "వైరస్‌కు తేదీలు తెలుస్తాయా?" అని కొట్టిపారేసేవారితో వాదించి విసిగిపోయాను కాబట్టి ముందే విడదీసి చెబుతున్నాను. ఇంగ్లండ్‌లో 2020 మార్చి 26న అమల్లోకి వచ్చిన లాక్‌డౌన్ నిబంధనల్లోనే, ఆంక్షల అవసరం ఇంకా ఉందో లేదో కనీసం 21 రోజులకు ఒకసారి సమీక్షించాలనీ, మొదటి సమీక్ష ఏప్రిల్ 16 లోగా జరగాలనీ రాశారు. దేశం మొత్తానికి పెట్టగలిగిన గడువును ఒక ఆటస్థలానికి పెట్టలేమంటే నమ్మడం కష్టం.

పైగా ఆ తేదీ ప్రజలకు ఎంత అవసరమో కార్యాలయానికీ అంతే అవసరం. తేదీ లేని ఉత్తర్వును ఎవరూ మళ్ళీ తీసి చూడరు. మూసి ఉంచినంత కాలం అధికారికి మాట పడదు, తెరిచాక ఏదైనా జరిగితే మాత్రం అందరూ అతన్నే వేలెత్తి చూపుతారు. అందువల్ల వదిలేస్తే ఏ కార్యాలయమైనా మూసి ఉంచడం వైపే మొగ్గుతుంది.

నిదానం:

వాకిలి గారూ, ఇలాంటి ప్రకటనలు తయారుచేసే బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి నేను. మీరు చెప్పినదాంట్లో చివరి మాట నిజమే, దానితో నాకు పేచీ లేదు. మిగతాదానితో ఉంది.

మొదటిది, ప్రకటన చదివే మనిషి గేటు ముందు నిలబడి ఉంటాడు, లేదా ఫోన్‌లో ఎవరో పంపిన బొమ్మను చూస్తుంటాడు. అతనికి కావలసింది తెరిచి ఉందా లేదా అన్నది. అక్కడ "15వ తేదీన సమీక్షిస్తాం" అని రాస్తే, ఆ మాట రెండు గుంపులు దాటేసరికి "15న తెరుస్తున్నారట" అయిపోతుంది, 15న ఉదయం పిల్లలతో సహా జనం గేటు దగ్గర ఉంటారు. తేదీ పక్కన ఎన్ని షరతులు రాసినా, ప్రయాణం చేసేది తేదీయే.

రెండవది, నిర్ణయం చాలాసార్లు మా చేతిలో ఉండదు. పై ప్రభుత్వం రాత్రి ఇచ్చిన ఉత్తర్వును తెల్లవారేసరికి అమలు చేయవలసి వచ్చినప్పుడు, కారణాలు వివరించే పేరా రాసుకుంటూ కూర్చునే తీరిక ఎక్కడిది?

మూడవది, కారణాలు మారిపోతాయి. ప్లాస్టిక్, స్టీలు మీద ఈ వైరస్ 72 గంటల దాకా, అట్ట మీద 24 గంటల దాకా బతికి ఉండగలదని 2020 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఉయ్యాలలు, జారుడుబల్లలు మూయడానికి అప్పట్లో అంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. 2021 ఏప్రిల్‌కు వచ్చేసరికి, వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే వ్యాధి సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) తేల్చింది. మేము ముందే "తాకితే వ్యాపిస్తుంది కాబట్టి మూస్తున్నాం" అని అచ్చువేసి ఉంటే, ఆ తరువాత మా ఏ మాటకైనా విలువ ఉండేదా?

పుస్తకాల అర:

నిదానం గారు చెప్పిన మూడవ ఉదాహరణ వారి వాదనకే ఎదురు తిరుగుతుందని నాకనిపిస్తోంది. కారణం రాసి ఉంటే, అది చెల్లకుండా పోయిన రోజున "మరి ఇంకా ఎందుకు మూసి ఉంచారు?" అని అడిగే హక్కు చదివినవారికి ఉంటుంది. రాయకపోతే ఆ ప్రశ్న పుట్టదు, ఉయ్యాలకు కట్టిన పసుపు టేపు ఎండకు చిట్లి ఊడిపోయేదాకా అలాగే ఉంటుంది. నేను పనిచేసిన గ్రంథాలయంలో తిరిగి వచ్చిన పుస్తకాలను మూడు రోజులు విడిగా పెట్టెల్లో ఉంచి, పెట్టె మీద తేదీ రాసి, ఆ తరువాతే అరల్లో సర్దేవాళ్ళం. ఆ పద్ధతికి ఆధారం ఏమిటో పాఠకులకు చెప్పిన చోట, దాన్ని ఎత్తివేసినప్పుడు ఎవరూ కంగారు పడలేదు. చెప్పని చోట మాత్రం, ఎత్తివేసిన మరునాడే "ఇప్పుడు పుస్తకాలు శుభ్రం చేయడం మానేశారా?" అన్న ఫిర్యాదులు వచ్చాయి.

ఇద్దరూ వదిలేసిన సంగతి మరొకటుంది. భవనం మూసినంత మాత్రాన అందులో జరిగే పని ఆగిపోనక్కర్లేదు. 2020 మార్చిలో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గ్రంథాలయాలను మూసివేయమంటూనే, వైఫైని మాత్రం బయటివారికి అందేలా తెరిచి ఉంచమని సూచించింది. తలుపులు మూసి ఉన్నా వాహనం నిలిపే స్థలంలో కూర్చుని పిల్లలు పాఠాలు వినగలిగారంటే అందువల్లే. ఆ దేశంలోనే బడులు మూతపడ్డప్పుడు, బిడ్డ వెంట లేకపోయినా తల్లిదండ్రులు వచ్చి భోజనం పొట్లాలు తీసుకువెళ్ళేలా నిబంధనలు సడలించారు. ఇలాంటివి అమల్లో ఉండీ ప్రకటనలో లేకపోతే, "మూసివేయడమైనది" అన్న ఒక్క మాట చదివి వెనుదిరిగిన మనిషికి ఆ కార్యక్రమం లేనట్టే.

మా గేటుకు ఒకప్పుడు రెండు కాగితాలు అంటించి ఉండేవి. కింద పాతది, ఎండకు అక్షరాలు వెలిసిపోయి. దాని మీద సగం కప్పేలా కొత్తది. దేని మీదా తేదీ లేదు. ఒక పెద్దాయన రెండూ చదివి, కింది కాగితం అంచు పైకెత్తి మళ్ళీ చదివి, ఏది చెల్లుతుందో తెలియక గొలుసు లాగి చూసి వెళ్ళిపోవడం లోపలి నుంచి చూశాను. తేదీ రాస్తే గందరగోళం పుడుతుందని భయపడేవారు ఈ గందరగోళాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

పాత పేజీ:

చరిత్ర వైపు నుంచి నిదానం గారికి కొంత మద్దతు ఇవ్వాలి. 1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో, అమెరికా నగరం ఫిలడెల్ఫియాలో సెప్టెంబరు 17న తొలి కేసులు వెల్లడైనా, 28న యుద్ధ బాండ్ల కోసం దాదాపు రెండు లక్షల మందితో ఊరేగింపు జరగనిచ్చారు. బడులు, ప్రార్థనా మందిరాలు, సభలు మూయించింది అక్టోబరు 3న. అదే దేశంలోని సెయింట్ లూయిస్‌లో అక్టోబరు 5న తొలి కేసులు బయటపడితే, ఆరోగ్య కమిషనర్ మాక్స్ స్టార్క్‌లాఫ్ 7వ తేదీకే మూసివేతలు మొదలుపెట్టించాడు. 2007లో అచ్చయిన ఒక పరిశోధన లెక్క ప్రకారం, ఉధృతి శిఖరానికి చేరిన వారంలో ఫిలడెల్ఫియాలో లక్ష మందికి 257 అదనపు మరణాలు, సెయింట్ లూయిస్‌లో 31. మొదటి ప్రకటన ఎంత వివరంగా ఉందన్నది అక్కడ తేడా తేలేదు, ఎన్ని రోజుల ముందు వచ్చిందన్నదే తేల్చింది.

కానీ కథ అంతటితో అయిపోలేదు. నవంబరు నడుమ సెయింట్ లూయిస్ ఆంక్షలు సడలించింది, కొద్ది రోజుల్లోనే వ్యాధి మళ్ళీ పెరిగింది, మళ్ళీ మూయవలసి వచ్చింది. మూయడం సులువు, తెరవడమే కష్టమని దీన్నిబట్టి తెలుస్తోంది. కాబట్టి మొదటి ఉత్తర్వు ఒక్క వాక్యమైనా ఫరవాలేదు, వెంటనే రావాలి. దాని వెనుక రెండు మూడు రోజుల్లో రావలసిన రెండో ప్రకటనలోనే కారణాలూ, షరతులూ ఉండాలి. వాకిలి గారు ఈ రెండింటినీ ఒకటి చేసి అడగడమే చిక్కు.

వాకిలి:

పాత పేజీ గారి సవరణ ఒప్పుకుంటున్నాను. అయితే ఆ రెండో ప్రకటన ఎన్ని రోజుల్లో వస్తుందో మొదటిదానిలోనే ఉండాలి. లేకపోతే అది ఎప్పటికీ రాదు.

ఈతకొలను నిర్వహణ:

తెరవడమంటే తాళం తీయడమని ఇక్కడ చాలామంది అనుకుంటున్నట్టుంది. మూతపడిన భవనంలో నీళ్ళు గొట్టాల్లో నిలిచిపోతే క్లోరిన్ ప్రభావం తగ్గిపోతుంది, నీటి ఉష్ణోగ్రత 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. ఈ విషయంలో అందరినీ హెచ్చరించిన సీడీసీయే, 2020 ఆగస్టులో అట్లాంటాలో తాను అద్దెకు తీసుకున్న కొన్ని భవనాల నీటిలో ఆ బాక్టీరియా కనబడి వాటిని మూసుకుంది. కుళాయిలు, షవర్లు అన్నీ తిప్పి నీళ్ళు పారించాలి, వడపోత యంత్రాలు నడిపి చూడాలి, నమూనాలు పంపితే ఫలితాలకు రోజులు పడతాయి, కాపలా ఈతగాళ్ళను మళ్ళీ పిలిపించాలి. "రేపటి నుంచి తెరవండి" అన్న ఫోన్ వస్తే ఇవన్నీ ఏ రాత్రికి చేయాలి? సమీక్ష తేదీ ముందే తెలిస్తే దానికి రెండు వారాల ముందు నుంచి మేము సిద్ధమవుతాం. కాబట్టి తేదీ ప్రజలకు చెప్పండి, చెప్పకపోండి, కనీసం సిబ్బందికి చెప్పండి.

లెక్కల మనిషి:

తేదీయా, షరతా అన్న పోటీ అనవసరం. రెండింటినీ కలిపిన నమూనా ఉంది. 2021 ఫిబ్రవరి 22న ఇంగ్లండ్‌కు ప్రకటించిన సడలింపుల ప్రణాళికలో ప్రతి మెట్టుకూ "ఈ తేదీ కంటే ముందు కాదు" అని రాసి, దానికి నాలుగు పరీక్షలు జతచేశారు: టీకాలు అనుకున్నట్టు సాగుతున్నాయా, అవి ఆసుపత్రి చేరికలనూ మరణాలనూ తగ్గిస్తున్నాయా, ఆసుపత్రులు తట్టుకోగలవా, వైరస్ కొత్త రకాలు అంచనాను మార్చేశాయా. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఐదు వారాలు, అందులో నాలుగు వారాలు ఫలితం చూడడానికి, ఒక వారం ప్రజలకు ముందుగా చెప్పడానికి. ఆరుబయట ఈతకొలనులు మార్చి 29న, గ్రంథాలయాలు, భవనాల్లోని కొలనులు, వ్యాయామశాలలు ఏప్రిల్ 12న తెరుచుకున్నాయి. జూన్ 21న అనుకున్న చివరి మెట్టును మాత్రం, డెల్టా రకం వల్ల, జూన్ 14న వాయిదా ప్రకటించి జూలై 19కి జరిపారు. తేదీ తప్పింది, తిట్లూ పడ్డాయి, కానీ ఎందుకు తప్పిందో అడిగినవారికి చూపించడానికి ఆ నాలుగో పరీక్ష ముందే కాగితం మీద ఉంది.

న్యూజీలాండ్ తేదీలు పెట్టకుండా ఇంకో దారిన వెళ్ళింది. 2020 మార్చి 21న నాలుగు హెచ్చరిక స్థాయిల పట్టిక ప్రకటించి, ఏ స్థాయిలో ఏది మూతపడుతుందో ముందే చెప్పేసింది. గ్రంథాలయాలు, ఈతకొలనులు, ఆటస్థలాలు మూడో స్థాయిలో మూసి ఉండేవి, రెండో స్థాయిలో తెరిచేవారు. స్థాయి మారిందని వింటే చాలు, తన ఊరి కొలను సంగతి ఎవరికి వారికే తెలిసిపోయేది. చిన్న స్థానిక సంస్థకు ఈ పద్ధతే తేలిక, ప్రతిసారీ కొత్త ప్రకటన రాయనక్కర్లేదు.

నేను ఒక అడుగు ముందుకు వేసి అడుగుతాను. సమీక్ష తేదీ దాటిపోయి, కొత్త ఉత్తర్వు ఏదీ రాకపోతే, మూసివేత దానంతట అదే రద్దు కావాలి.

నిదానం:

సమీక్ష తేదీ ఉండాలన్నంత వరకు, ఈతకొలను వారి మాట విన్నాక, నేను కొంత దిగివస్తున్నాను. అయితే దాన్ని వెబ్‌సైటులోని పూర్తి ప్రకటనలో పెట్టండి, గేటు మీద కాదు. గేటు మీద "మూసి ఉంది", ఆ కాగితం అంటించిన తేదీ, వివరాల కోసం ఫోన్ నంబరు, ఈ మూడూ చాలు. పుస్తకాల అర గారు చెప్పిన పెద్దాయన ఇబ్బంది ఈమాత్రంతో తీరుతుంది.

దానంతట అదే రద్దు కావడాన్ని మాత్రం ఒప్పుకోను. వ్యాధి ఉధృతంగా ఉన్న వారంలోనే సమీక్ష చేయవలసిన అధికారి మంచాన పడవచ్చు, సమావేశానికి కోరం చాలకపోవచ్చు. అంటే వ్యాధి ఎంత ఎక్కువగా ఉంటే తలుపులు తెరుచుకునే అవకాశం అంత పెరిగే ఏర్పాటు అది. సెయింట్ లూయిస్‌లో అన్నీ చూసుకుని సడలించినా దెబ్బతిన్నారు, ఇక ఎవరూ చూసుకోకుండా సడలితే ఏమవుతుంది?

వాకిలి:

భవనాల విషయంలో నిదానం గారి భయం న్యాయమైనదే. ఆరుబయలు అలా కాదు, అక్కడ వ్యాప్తి చాలా తక్కువని 2020 చివరికే తేటపడింది. అది తేలకముందు, ఆ ఏడాది ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని శాన్ క్లెమెంటేలో స్కేట్ పార్కును టన్నుల కొద్దీ ఇసుకతో పూడ్చారు, కుర్రాళ్ళు పారలు తెచ్చి దాన్ని ఎత్తిపోశారు. అదే నెలలో లండన్‌లోని లాంబెత్ కౌన్సిల్, ముందు రోజు మూడు వేల మందికి పైగా వచ్చారని కారణం చెప్పి బ్రాక్‌వెల్ పార్కును మూసింది, కొద్ది రోజుల్లోనే మళ్ళీ తెరిచింది. నచ్చినా నచ్చకపోయినా ఆ కారణంతో వాదించవచ్చు, ఇసుకతో వాదించలేం. కాబట్టి దానంతట అదే రద్దు కావడాన్ని ఆరుబయటి స్థలాలకే పరిమితం చేద్దాం. భవనాలకు మాత్రం "సమీక్షించాం, మార్పు లేదు" అన్న ఒక్క వాక్యం, దాని కింద సంతకం చేసిన అధికారి హోదా ఉంటే చాలు.

నిదానం:

పార్కు ఆరుబయలే, సరే. అందులోని మరుగుదొడ్లు?

పుస్తకాల అర:

ఆ ప్రశ్న చాలా చోట్ల ఎవరూ వేసుకోలేదు. పార్కు తెరిచామని ప్రకటించి మరుగుదొడ్లకు తాళం వేస్తే, వయసు మళ్ళినవారికీ, గర్భిణులకూ, చిన్నపిల్లల తల్లులకూ ఆ పార్కు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. వాటికి ప్రకటనలో వేరే వరుస ఉండాలి. అవి భవనం కిందికే వస్తాయి కాబట్టి సమీక్ష తేదీ కూడా వేరుగా ఉండాలి, తెరిచాక రోజుకు ఎన్నిసార్లు కడుగుతారో, ఆ పని చేసే మనిషిని నియమించారో లేదో కూడా అదే వరుసలో రాయాలి.