ఎండుపుల్ల అనుకుని విరవబోతే కదిలింది, ఇదేం పురుగు? మందు కొట్టాలా?

బోల్టన్ పెరడు:
అందరికీ నమస్తే, మేం మాంచెస్టర్ పక్కన బోల్టన్‌లో ఉంటాం. వెనక పెరట్లో బర్చ్ చెట్టు ఉంది, నిన్న వాన లేదు కదా అని కింది కొమ్మలు కత్తిరిద్దామని వెళ్ళా, ఒక ఎండుపుల్ల అడ్డంగా ఉంటే వేళ్ళతో విరిచేద్దామని పట్టుకున్నా, మెత్తగా తగిలింది!! అమ్మో అని వదిలేశా. నా చిటికెన వేలంత పొడుగు, గోధుమ రంగు, కణుపుల్లాగా బుడిపెలు కూడా ఉన్నాయి. వెనక కాళ్ళతో కొమ్మని పట్టుకుని మిగతా ఒళ్ళంతా గాల్లోకి కర్రలా చాపి ఉంది. నడిస్తే నడుం విల్లులా పైకి లేస్తోంది. మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే ఇది ఆముదానికి పట్టే దాసరి పురుగే, రెండ్రోజుల్లో ఈనెలే మిగులుస్తుంది వెంటనే మందు కొట్టు అంది. పక్కన కుండీల్లో గోంగూర, మిరప ఉన్నాయి. వేపనూనె సరిపోతుందా? చేత్తో ముట్టుకున్నా, దురద రాదు కదా?

నల్గొండ రైతుబిడ్డ:
అమ్మగారు పొరపడటంలో తప్పేం లేదండి, నడక అచ్చం అలాగే ఉంటుంది, మా ఆముదం చేలో చిన్నప్పుడు డబ్బాల్లో ఏరి పారేసేవాళ్ళం. కానీ ఆముదం పురుగు ఇలా పుల్లలా బిగుసుకుని నిలబడటం నేనెప్పుడూ చూళ్ళేదు. ఇది వేరే ఏదో.

రాత్రి దీపం:
వేరేదే అన్నా. అక్కా, కాళ్ళు లెక్కపెట్టి చెప్పండి. ముందు మూడు జతలు, తోక వైపు రెండు జతలు, మధ్యలో ఏమీ లేకపోతే అది జియోమీటర్ మాత్‌ల కుటుంబం (మాత్ అంటే రాత్రిపూట తిరిగే, సీతాకోకచిలుక లాంటిది). ఆముదం దాసరి పురుగుకి మధ్యలో కూడా కాళ్ళుంటాయి, రెండూ వేరే కుటుంబాలు. ఇంకోటి, తల దగ్గరికెళ్ళి చూడండి, పైన నొక్కు పడి రెండు చెవుల్లా ఉందా?

బోల్టన్ పెరడు:
ఇప్పుడే టార్చ్ వేసి చూశా. మధ్యలో కాళ్ళు లేవు. తల పిల్లి చెవుల్లా చీలి ఉంది!

రాత్రి దీపం:
అయితే అది పెప్పర్డ్ మాత్ పిల్ల అక్కా. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళు గుర్తుచేసుకోండి, ఇండస్ట్రియల్ మెలనిజం (ఫ్యాక్టరీల పొగ వల్ల నల్ల రకం పెరగడం), బిస్టన్ బెటులేరియా (దీని శాస్త్రీయ నామం), ఐదు మార్కుల ప్రశ్న... అదే ఇది. నల్ల రకాన్ని మొదట గుర్తించింది 1848లో మీ మాంచెస్టర్‌లోనే, మిల్లుల పొగకి చెట్లన్నీ మసిబారితే తెల్లవాటిని పిట్టలు ఏరుకు తినేసేవి, 1895కల్లా అక్కడ నూటికి 98 నల్లవే. తర్వాత 1956 క్లీన్ ఎయిర్ చట్టం వచ్చి గాలి బాగుపడ్డాక మళ్ళీ తెల్లవి పెరిగాయి. ఇప్పుడు మీకు కనపడేది చాలావరకు తెల్లటి రెక్కల మీద మిరియాలపొడి చల్లినట్టుండేదే, రెక్కలు చాపితే రెండంగుళాల దాకా ఉంటుంది.

మందు మాత్రం కొట్టకండి ప్లీజ్. ఇది తినేది బర్చ్, విల్లో, ఓక్, ముళ్ళ బ్రాంబుల్ లాంటివాటి ఆకులు, ఎదిగిన చెట్టుకి ఈ నష్టం లెక్కలోది కాదు. ఒంటికి నూగు లేదు కాబట్టి దురద కూడా రాదు. పైగా సెప్టెంబర్ వచ్చేసింది, తినడం దాదాపు అయిపోయి ఉంటుంది, ఇక దిగిపోయి చెట్టు కింద మట్టిలో దూరి ప్యూపా (రెక్కలొచ్చే ముందు కదలకుండా పడుండే దశ) అవుతుంది, చలికాలమంతా అక్కడే. మే నుంచి ఆగస్టు లోపు రెక్కలతో బయటికొస్తుంది. ఏడాదికి ఒక్క తరమే.

లీడ్స్ బాబాయ్:
పుల్లలా నటిస్తుంది సరే, రంగు ఎలా కలుపుతుంది? మాకు విల్లో మీద పచ్చది కనపడింది.

రాత్రి దీపం:
అదే మజా బాబాయ్. కూర్చున్న పుల్ల రంగుని బట్టి పెరిగే కొద్దీ నెమ్మదిగా మారుతుంది, ఊసరవెల్లిలా క్షణాల్లో కాదు, రోజులు పడుతుంది. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో వాటి కళ్ళకి నల్ల పెయింట్ వేసేసినా రంగు కలుపుకున్నాయి, అంటే చర్మంతో కూడా వెలుగు పసిగడుతున్నాయన్నమాట. పెద్ద మాత్‌కి మాత్రం ఆ విద్య లేదు, పుట్టిన రంగే. అది తిండి కూడా తినదు, జత కట్టడం, గుడ్లు పెట్టడం అంతే. ఆడది బెరడు పగుళ్ళలో వందలకొద్దీ పెడుతుంది, పిల్లలు పుట్టగానే దారం వదిలి గాలికి వేలాడుతూ వేరే కొమ్మలకి కొట్టుకుపోతాయి.

బోల్టన్ పెరడు:
మా పాప పెంచుదాం అంటోంది. కుదురుతుందా? కత్తిరించిన కొమ్మలన్నీ గ్రీన్ బిన్‌లో పడేశా, వాటిలో ఇంకేమైనా ఉన్నాయేమోనని ఇప్పుడు భయమేస్తోంది.

రాత్రి దీపం:
బిన్ లారీ వచ్చేలోపు ఆ కొమ్మలు తీసి చెట్టు మొదట్లో కుప్పగా వేసేయండి, ఉంటే అవే ఎక్కిపోతాయి.

పెంచడం తేలికే. గాలి ఆడే డబ్బాలో అడుగున అరచేతి లోతు తడి మట్టి, బర్చ్ కొమ్మ ఒక చిన్న సీసాలో నీళ్ళు పోసి పెట్టండి, సీసా మూతి దూదితో మూసేయండి లేకపోతే పురుగు నీళ్ళలో పడి చస్తుంది, నాకు రెండు అలాగే పోయాయి. మట్టిలోకి దిగాక తవ్వి చూడొద్దు, పాపకి గట్టిగా చెప్పండి. డబ్బాని హీటింగ్ ఉన్న గదిలో అసలు పెట్టొద్దు, షెడ్‌లో పెట్టి మట్టి మరీ ఎండిపోకుండా చూస్తే చాలు. ఏప్రిల్ చివర్లో ఒక గరుకు పుల్ల నిలబెట్టండి, బయటికొచ్చాక అది ఎక్కి వేలాడితేనే రెక్కలు సాఫీగా విచ్చుకుంటాయి. మీసాలు ఈకల్లా ఉంటే మగది.

బోల్టన్ పెరడు:
కొమ్మలు తీస్తే ఇంకోటి దొరికింది తమ్ముడూ! ఒకటి చెట్టెక్కించా, ఒకటి డబ్బాలో. అమ్మకి చెబితే "పురుక్కి షెడ్డు కూడానా" అని ఫోన్ పెట్టేసింది.

నల్గొండ రైతుబిడ్డ:
మేలో నల్లది వస్తే మాత్రం ఇక్కడ ఫోటో పెట్టండక్కా.