మలుస్తుందా, మరలుస్తుందా?

అధ్యాపకురాలు, తిరుపతి: ఎప్పుడో చదివిన ఒక వాక్యం వేధిస్తోంది: ‘సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ మూలకణాన్ని మృదులాస్థి వైపు మ–లుస్తుంది’. నడుమ ‘ర’ ఉన్నదో లేదో గుర్తుకు రావడం లేదు.

విశ్రాంత పండితులు, చిత్తూరు: ‘వైపు’ గుర్తున్నాక సందేహమెందుకమ్మా? రూపంగా మలుస్తారు, వైపునకు మరలుస్తారు. ‘ర’ ఉండి తీరాలి.

పరిశోధక విద్యార్థి, తిరుపతి: మాస్టారూ, వ్యాకరణం అటుంచి కణంలోకి చూస్తే, సుమారు 22 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని పూసల) ఆ పోగు దేనినీ చెక్కదు, జన్యువు సూచనలు మోసే సందేశక ఆర్‌ఎన్‌ఏ తోకకు అతుక్కొని ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది, అంతే. ఉలి ఉన్నదల్లా జన్యువులను నడిపే సాక్స్9 అనే ప్రోటీన్ చేతిలోనే. మృదులాస్థిలోని ప్రధాన ప్రోటీన్లైన రెండో రకం కొల్లాజెన్, అగ్రికాన్‌ల జన్యువులను మేల్కొలిపేది అదే. మిర్-145 అనే సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ ఆ సాక్స్9నే అణచివేస్తుంది కనుక కణాన్ని మరలుస్తుందన్న మాట నిజమే, కాని మృదులాస్థి వైపు కాదు, దాని నుండి.

అధ్యాపకురాలు: మరి మిర్-140 మాటేమిటి? దానిని పెంచేది సాక్స్9. అగ్రికాన్‌ను తెగగొట్టే అడామ్‌టిఎస్5 అనే ఎంజైమును అణచేది మిర్-140. 2010లో మిర్-140 లేని ఎలుకలను పరిశీలించినప్పుడు వాటిలో మృదులాస్థి ఏర్పడింది గాని, త్వరగా అరిగిపోయింది. ఇక్కడ మలచడమూ లేదు, మరలడమూ లేదు, ఉన్నది కాపలా.

విశ్రాంత పండితులు: ‘మలుపు’ను మరువకండి. ‘మలచు’కూ ఒకప్పుడు తిప్పడమనే అర్థం ఉండేదని నా నమ్మకం, అలాగైతే ‘ర’ లేకున్నా వాక్యం నిలుస్తుంది. అన్నమయ్య పదాల రాగిరేకుల మీద పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి వారికి ఇటువంటి ఒక్క అక్షరం ఎంత పని పెట్టేదో మన తిరుపతి వారికి నేను చెప్పాలా?

పరిశోధక విద్యార్థి: రాగిరేకులకు కొండంత గౌరవం. అయితే ప్రయోగశాలలో మూలకణాలను ముద్దగా చేర్చి, టీజీఎఫ్-బీటా3 అనే పెరుగుదల కారకాన్ని అందించి దారి పట్టిస్తారు. సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ ఆ నడకను బిగించడమో సడలించడమో చేస్తుంది. నన్నడిగితే రెండు క్రియలూ ఎక్కువే.

ఉపాధ్యాయిని, శ్రీకాళహస్తి: క్రియ కోసం పోట్లాడుతున్నారు గాని, కర్త ఏకవచనమేనా? 145 ఒక వైపు, 140 మరొక వైపు లాగుతుంటే ‘ఆర్‌ఎన్‌ఏలు’ అని ఉండాలి కదా! అప్పుడు ‘మలుస్తాయి’ అనాలా, ‘మరలుస్తాయి’ అనాలా?