లైట్‌హౌస్ యాత్రను పాఠాలతో కలపడం ఎలా? చేసినవాళ్లు చెప్పండి

గుడ్లూరు_టీచరు

అందరికీ నమస్కారం. మాది జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు అరవై రెండు మందిని రామాయపట్నం లైట్‌హౌస్ చూడటానికి తీసుకువెళ్లాలని ఉంది. రెండేళ్ల క్రితం ఇలాగే మరో చోటికి వెళ్లాం. బస్సులో అంత్యాక్షరి, ఇసుకలో ఆట, పులిహోర పొట్లాలు, ఫొటోలు. మరుసటి రోజు వ్యాసం రాయమంటే సగానికి పైగా ఒకే వాక్యంతో మొదలుపెట్టారు: "మేము ఎంతో ఆనందంగా గడిపాము." ఆ కాగితాలు దిద్దుతూ కూర్చున్నప్పుడు నా మీద నాకే కోపం వచ్చింది. వాళ్లకు చూడాల్సినది ఏమిటో నేను ముందు చెప్పనే లేదు.

ఈసారి అలా కాకూడదు. వెళ్లే ముందు తరగతిలో ఏం చెప్పాలి? అక్కడ ఏం చేయించాలి? తిరిగి వచ్చాక ఏం చేయాలి? పైకి ఎక్కడానికి అనుమతి ఎలా అడగాలి? అరవై మందిని ఇరుకు మెట్ల మీద ఎలా నడిపించాలి? బస్సు ఖర్చుకు మీ బడిలో ఏం చేశారు?

అద్దంకి_సాంఘికశాస్త్రం

మేడమ్, లైట్‌హౌస్ అనగానే అందరూ సైన్సు వైపు పరుగెత్తుతారు. నేను కాకతీయుల కాలపు రేవు మోటుపల్లితో మొదలుపెట్టాను. ఏడో తరగతిలో కాకతీయుల పాఠం పిల్లలు చదివే ఉంటారు. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనాన్ని వాడుక భాషలోకి మార్చి చదివి వినిపించాను. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకపై అలా చేయం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకు మాట ఇచ్చిన శాసనం అది. చదవడం పూర్తయిందో లేదో, చివరి బెంచీ పిల్లవాడు లేచి, "ఒడ్డున దీపం ఉంటే అసలు ఓడ పగిలేదే కాదు కదండీ" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా యాత్రకు ప్రశ్న దొరికింది. సరుకును కాపాడతామన్న మాట నుంచి ఓడనే కాపాడే దీపం దాకా మనుషులు ఎలా వచ్చారు? అక్కడికి వెళ్లి పిల్లలు వెతికింది దాని జవాబే.

వాకాడు_పాతకాలం

మోటుపల్లి సరే. మన దుగరాజపట్నాన్ని ఎవరూ తలుచుకోరే? ఆర్మగాన్ అని పటాల్లో రాసి ఉండేది ఈ ఊరే. ఇంగ్లీషు కంపెనీ వాళ్లు 1626లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టి కోట కట్టుకున్నారు. ఇక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసుపట్నం స్థలం సంపాదించాడు. చెన్నై మహానగరానికి ముందు అడుగు పడింది మన ఇసుకలో. ఇక్కడి తీరానికి ఎదురుగా సముద్రంలో ఇసుక మేట ఉంది, ఓడలకు గండం. దీపం ఎందుకు పెట్టారో పిల్లలకు ఆ మేట చూపించి చెప్పవచ్చు. నెల్లూరు జిల్లా పిల్లలకు నెల్లూరు చరిత్ర చెప్పకపోతే ఎవరు చెబుతారు?

సూళ్లూరుపేట_నుంచి

దుగరాజపట్నం ఉన్న వాకాడు మండలం 2022లోనే తిరుపతి జిల్లాలోకి వెళ్లింది అన్నా.

వాకాడు_పాతకాలం

గీత మార్చినంత మాత్రాన చరిత్ర మారదు. మా తాత పట్టాలన్నీ నెల్లూరు జిల్లా అనే ఉన్నాయి. మోటుపల్లి కూడా ఇప్పుడు బాపట్ల జిల్లానే, మరి పైన సార్‌ను ఎవరూ అడగలేదే?

కందుకూరు_లెక్కలు

జిల్లాల గొడవ తర్వాత చూసుకుందాం. ఇరవై రెండేళ్లుగా గణితం చెబుతున్నాను, నా మాట వినండి. పదో తరగతి త్రికోణమితిలో 75 మీటర్ల లైట్‌హౌస్ లెక్క అందరికీ తెలిసిందే. పైనుంచి చూస్తే ఒకే వైపు ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు ఓడల నిమ్న కోణాలు 30, 45 డిగ్రీలు, వాటి మధ్య దూరం ఎంత? జవాబు 75(√3−1), దాదాపు 54.9 మీటర్లు. నోటికి చెబుతారు, బొమ్మ వేయమంటే ఓడను స్తంభం పైన గీస్తారు. అక్కడికి తీసుకువెళ్లి పైన నిలబెడితే ఆ తప్పు జన్మలో చేయరు.

ఇంకొకటి. దీపం ఎంత దూరం కనబడుతుందో కూడా పిల్లలతో లెక్క కట్టించాలి. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఉదాహరణకు స్తంభం 36 మీటర్లు అయితే ఆరు పెట్టు 3.57, అంటే 21.4 కిలోమీటర్లు. అంతకు మించి కనబడదు, భూమి గుండ్రంగా ఉంది కనుక.

ఓడ_దిగిన_వాడు

మాస్టారూ, ఇరవై ఆరేళ్లు సరుకు ఓడల మీద పనిచేసి ఒంగోలులో స్థిరపడ్డాను. మీ లెక్క సగమే. మొదటిది, స్తంభం ఎత్తు కాదు, సముద్ర మట్టం నుంచి దీపం ఎంత ఎత్తున ఉందో అది తీసుకోవాలి. స్తంభం దిబ్బ మీద ఉంటే రెండూ ఒకటి కావు. రెండోది, చూసేవాడి కన్ను నీటి మట్టంలో ఉండదు. ఓడలో నిలబడ్డ మనిషి కన్ను నీటికి 16 మీటర్ల ఎత్తున ఉంటే అతని వాటా మరో 14.3 కిలోమీటర్లు. మొత్తం 35.7. "అంతకు మించి కనబడదు" అని పిల్లలకు చెబితే తప్పు నేర్పినట్లే.

కందుకూరు_లెక్కలు

పదో తరగతి పిల్లవాడికి అంత అవసరమా సార్? ముందు ఒక మెట్టు ఎక్కనివ్వండి. ఓడ ఎక్కినవాళ్లందరూ బోధన గురించి చెప్పేస్తే ఎలా?

ఓడ_దిగిన_వాడు

మెట్టు అంటున్నారు, ఆ మెట్టే విరిగి ఉంది. గాలిలో కాంతి కాస్త వంగడం వల్ల 3.57 బదులు 3.86 వేసుకోవాలన్న సంగతి నేను చెప్పలేదు, అది పిల్లలకు తర్వాత. కానీ చూసేవాడి ఎత్తును వదిలేయడం చిన్న విషయం కాదు. రాత్రి కాపలాలో దీపం కోసం కళ్లు కాయలు కాచేలా చూసినవాడికి తెలుస్తుంది.

చీరాల_ఫిజిక్స్

ఇద్దరూ శాంతించండి. మేడమ్ తీసుకువెళ్లేది ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లను. వాళ్లకు త్రికోణమితి ఇంకా రాలేదు, ఎవరూ గమనించలేదు. నీడతో కొలిపించండి. మీటరు కర్ర నీడ 80 సెంటీమీటర్లు, స్తంభం నీడ 24 మీటర్లు అయితే ఎత్తు 30 మీటర్లు. ఎనిమిదో తరగతి అనుపాతం పాఠమే. ఒక్క జాగ్రత్త: నీడను స్తంభం గోడ దగ్గర నుంచి కొలిస్తే తక్కువ వస్తుంది. కొన ఉండేది స్తంభం నడిమధ్యన, కాబట్టి పునాది వ్యాసంలో సగం కలపాలి. మా పిల్లల్లో మూడు జట్లకు మూడు జవాబులు వచ్చాయి. ఎందుకు వచ్చాయో తేల్చడానికి రెండు పీరియడ్లు కొట్టుకున్నారు. ఏడాది మొత్తంలో అంత మంచి తరగతి నాకు జరగలేదు.

మరొక సంగతి. పాత లైట్‌హౌసుల్లో పగటి పూట దీపం గదికి తెరలు దించేవారు. ఎందుకో పిల్లలను అడగండి, జవాబు చెప్పకండి. బడికి వచ్చాక భూతద్దంతో ఎండలో కాగితం కాల్చి చూపించండి. దీపం కాంతిని దూరానికి పంపే కటకమే సూర్యకాంతిని లోపలికి పోగుచేసి మంట పెట్టగలదని అప్పుడు వాళ్లే చెబుతారు. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కటకాన్ని మెట్లు మెట్లుగా కోసి, బరువు తగ్గించి, 1823లో ఫ్రాన్సులోని కోర్దువాన్ లైట్‌హౌస్‌లో పెట్టించాడు. ఆ పేరు పరీక్షలో రాదు, అయినా చెప్పండి.

ఉలవపాడు_అమ్మ

పాఠాలు, లెక్కలు అన్నీ బాగున్నాయి. ఒక తల్లిగా అడుగుతున్నాను. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడ? పోయినసారి మా అమ్మాయి బడి నుంచి సముద్రానికి తీసుకువెళ్లినప్పుడు పొద్దున నుంచి సాయంత్రం వరకు నీళ్లు తాగలేదు, అవసరం పడుతుందన్న భయంతో. ఇంటికి వచ్చి తలనొప్పితో పడుకుంది. ఆ రోజు ఆమెకు ఏ పాఠం ఎక్కి ఉంటుంది? అలల దగ్గరికి పిల్లలను వదలవద్దు. మోకాళ్ల లోతు అనుకుంటారు, వెనక్కు వెళ్లే నీరు కాళ్లు లాగేస్తుంది.

కందుకూరు_లెక్కలు

అమ్మా, ఇలా భయపెడితే ఏ టీచరూ గేటు దాటి పిల్లలను తీసుకువెళ్లడు.

ఉలవపాడు_అమ్మ

నేను వెళ్లవద్దు అనలేదు మాస్టారూ. ఏర్పాటు చేసుకుని వెళ్లమన్నాను. మీరు ఏ రోజైనా పొద్దున నుంచి నీళ్లు మానేసి ఎండలో నిలబడి పాఠం విన్నారా?

కావలి_హెచ్‌ఎం

అమ్మ చెప్పినది నిజం. మేము ఈసారి దారిలో ఒక బడితో ముందే మాట్లాడుకుని అక్కడ ఆగాం. అనుమతి సంగతి: లైట్‌హౌస్ కార్యాలయానికి ప్రధానోపాధ్యాయుల సంతకంతో ముందుగానే ఉత్తరం రాయండి, ఎంతమంది, ఏ తరగతి, ఏ రోజు అన్నీ పెట్టి. విద్యాశాఖ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు వేరే. మెట్ల మీదకు ఒకసారి పది మందికి మించి పంపకండి. మిగతావాళ్లు కింద నీడ కొలుస్తూ ఉంటారు, వరుసలో నిలబడి విసుగెత్తరు.

నెల్లూరు_ప్రైవేటు

మేము చెన్నై తీసుకువెళ్లాం. హైకోర్టు ఆవరణలో 1844 నాటి రాతి స్తంభం, హైకోర్టు భవనం మీద 1894 నుంచి వెలిగిన దీపం, మెరీనా దగ్గర 1977 నాటి స్తంభం. ఒకే ఊళ్లో మూడు తరాల లైట్‌హౌసులు. నగరం పెరిగేకొద్దీ దీపం ఎందుకు చోటు మార్చిందో పిల్లలు పటం మీద గీశారు. మనసుంటే అలా చేయాలి.

గుడ్లూరు_టీచరు

సార్, మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో నూట యాభై రూపాయలు అడగడానికే వెనకాడతారు. చెన్నై మాట మాకు వద్దు. దగ్గరలో ఉన్నదాన్ని బాగా చూడాలన్నదే నా తపన.

జువ్వలదిన్నె_తీరం

నేను చేపల వేటకు వెళ్లేవాణ్ణి. చదువు ఎనిమిది వరకే. మీరంతా పెద్దవాళ్లు, తప్పుగా అనుకోవద్దు. బడి పిల్లలు మా వైపు చాలాసార్లు వచ్చారు. పడవ పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లారు. ఒక్కరైనా "అన్నా, రాత్రిపూట నువ్వు ఇంటికి ఎలా వస్తావు?" అని అడగలేదు. లైట్‌హౌస్ ఎవరి కోసం కట్టారు? మా కోసమే కదా!

పగలైతే సరుగుడు తోట, తాటితోపు, గుడి గోపురం, వీటి వరుస చూసుకుంటాం. రాత్రి దీపమే. ప్రతి దీపానికి మిణుకు వేరు. వెలుగు పడ్డాక మళ్లీ పడేదాకా నోటితో లెక్కపెడతాం. లెక్కను బట్టి అది ఏ ఊరి దీపమో తెలుస్తుంది. మా నాన్న నాకు తెడ్డు పట్టడం కంటే ముందు ఆ లెక్క నేర్పాడు. ఇప్పుడు జీపీఎస్ ఉంది. ఛార్జింగ్ అయిపోయిన రాత్రి, వాన పడిన రాత్రి చూసేది మళ్లీ దీపం వైపే.

ఓడ_దిగిన_వాడు

తమ్ముడూ, నీ మాట అక్షరాలా నిజం. పెద్ద ఓడల్లో కూడా మేము చేసేది అదే, చేతిలో గడియారం పట్టుకుని. ప్రతి దీపం మిణుకు లెక్క పుస్తకంలో రాసి ఉంటుంది. నీకు నోటికి వచ్చు, మాకు పుస్తకం కావాలి.

చీరాల_ఫిజిక్స్

మేడమ్, మీ యాత్రకు ఇదే అసలు పాఠం. బస్సు తిరుగు ప్రయాణాన్ని గంట వెనక్కు జరపగలిగితే చీకటి పడ్డాక మిణుకులు పిల్లలతో లెక్కపెట్టించండి.

కందుకూరు_లెక్కలు

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. నిన్న ఉదయం మా తరగతి పిల్లలు ఎనిమిది మందిని, వాళ్ల నాన్నలతో కలిసి, కరేడు వైపు తీరానికి తీసుకువెళ్లాను. ఓడ సార్ మాట నిజమో కాదో చూద్దామని. ఫైబర్ పడవలు వేటకు వెళుతున్నాయి. ఒక పడవ దూరం పోయేకొద్దీ ముందు అడుగు భాగం, తర్వాత మనుషులు కనబడకుండా పోయి, చివరికి జెండా కర్ర మాత్రమే మిగిలింది. ఇసుకలో కూర్చున్న అమ్మాయి "పోయింది" అంది. నిలబడ్డ అబ్బాయి "లేదు, ఇంకా ఉంది" అన్నాడు. ఆమె లేచి నిలబడింది, "అవును సార్, ఉంది" అంది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. నాలుగైదుసార్లు అలా చేసింది.

చూసేవాడి ఎత్తు కలపాల్సిందే. ఓడ సార్‌కు నా నమస్కారం. ఆ రోజు మాట తూలాను.

వాకాడు_పాతకాలం

దుగరాజపట్నానికి కూడా ఎవరైనా రండి. మేట ఎక్కడ ఉందో చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

గుడ్లూరు_టీచరు

జువ్వలదిన్నె అన్నా, మా తొమ్మిదో తరగతిలో పదకొండు మంది వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు. వాళ్లు తరగతిలో నోరు విప్పరు. మీ మాటలు చదివి వినిపించాను. "మిణుకు లెక్క ఎవరికి తెలుసు?" అంటే ముందు ఎవరూ చెయ్యెత్తలేదు. కాసేపటికి ఒక అమ్మాయి, చెయ్యెత్తకుండానే, "మా నాన్నకు తెలుసండీ, నాకు కూడా తెలుసు" అంది. బోర్డు దగ్గరికి పిలిచాను. వేళ్లతో డెస్కు మీద కొడుతూ లెక్కపెట్టి చూపించింది. ఆ అమ్మాయి ఈ ఏడాది బోర్డు దగ్గరికి రావడం అదే మొదటిసారి. యాత్రలో మిణుకుల జట్టుకు ఆమే నాయకురాలు.

మీరు ఆ రోజు మాతో రాగలరా? పిల్లలు ప్రశ్నలు రాసి పెట్టుకుంటారు.

జువ్వలదిన్నె_తీరం

వస్తానమ్మా. వేట రోజుల్లో మాత్రం కుదరదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, అప్పుడు ఖాళీనే. మీకు సెలవులు ఎప్పటి నుంచి?

గుడ్లూరు_టీచరు

ఏప్రిల్ చివరి వారంలో. పరీక్షలు అయ్యాక, సెలవులకు ముందు నాలుగైదు రోజులు దొరుకుతాయి. ఎండ ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం మూడున్నరకు బయలుదేరతాం, నీడ కొలత ముందు పెట్టుకుని చీకటి పడేదాకా ఉంటాం. ఉలవపాడు అమ్మగారు చెప్పినట్లు మరుగుదొడ్డి సంగతి రేపే మాట్లాడతాను. అంత పొడవు టేపు మా బడిలో లేదు, ఎవరి దగ్గరైనా ముప్పై మీటర్లది ఉందా?

చీరాల_ఫిజిక్స్

నా దగ్గర ఉంది. బస్సులో పంపిస్తాను, కందుకూరులో తీసుకోండి.