అప్‌డేట్: డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లల క్లాసుల ప్లానింగ్‌లో ఎవరుండాలి అని అడిగాను కదా

కాలనీ లైబ్రరీలో పిల్లలకి శనివారం క్లాసులు పెడుతున్నామని చెప్పా కదా, టీచర్లు పేరెంట్సే కాదు డిస్లెక్సియాతో పెరిగినవాళ్లనీ కూర్చోబెట్టమన్నారు మీరు, అదే చేశాం. మా వీధి బైక్ మెకానిక్ అన్న, డిగ్రీ చదివే ఒకమ్మాయి వచ్చారు. ఆ అమ్మాయి వర్క్‌షీట్ చూడగానే ఇంత ఇరుకుగా ఉంటే మ, య, ఘ, ఝ అన్నీ కలిసిపోతాయి అక్కా, ఒత్తు పై లైన్‌దో కింద లైన్‌దో తెలీదు అంది, లైన్ల మధ్య గ్యాప్ పెంచేశాం. అన్న అయితే అందరి ముందు గట్టిగా చదివించడం ఆపండి, నేను బడి మానేసింది దానికే అన్నాడు. వెంటనే తీసేశాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉందని పేరెంట్స్‌కి ఆ అమ్మాయే చెప్తోంది, సర్టిఫికెట్ కోసం తనే తిరిగింది కాబట్టి. ఇద్దరికీ ఛార్జీలు, వచ్చిన టైమ్‌కి డబ్బులు ఇస్తున్నాం, ఊరికే రమ్మనడం న్యాయం కాదు.